కట్టలో ఏడు తక్కువ

మొన్న కార్తీక పౌర్ణమి నాడు అమరావతిలో నాకు ఒళ్లు మండింది. తెల్లారగట్ల నాలుగింటికి కృష్ణలో మూడు మునకలేసి, తడిబట్టల్తో వణుక్కుంటూ అమరేశ్వరుడి గుడి దగ్గరికొస్తే బల్లల మీద ప్లాస్టిక్ కవర్లు. ఒక్కో కవర్లో నేతిలో నానబెట్టిన 365 వత్తుల కట్ట, ఒక మట్టి ప్రమిద. నెయ్యి అని కవరు మీద రాసుంది గానీ వాసన మాత్రం డాల్డాది. నా ముందు నిలబడ్డ కుర్రాడు చెవి దగ్గర ఫోన్ తియ్యకుండానే కట్ట కొన్నాడు, వెలిగించాడు, ఒంటిచేత్తో దణ్ణం పెట్టాడు, ఫొటో తీసుకుని చక్కా పోయాడు. మూడు నిమిషాలు పట్టలేదు. ఏడాది దీపారాధన చెల్లు.

ఈ కాలమ్ చదివే పాతకాపులకు నా చాదస్తం తెలుసు. చేత్తో చేసేది చేత్తోనే చెయ్యాలంటాను. రోటిపచ్చడి మీద రాసినప్పుడు మిక్సీ పక్షాన వచ్చిన ఉత్తరాలు ఇంకా నా సొరుగులో ఉన్నాయి.  ఈ వారం ఆ చాదస్తాన్ని పక్కన పెడుతున్నాను. ఎందుకంటే నా మంటకి అసలు కారణం ఆ కుర్రాడు కాదు.

పదకొండేళ్లుగా రోజూ పొద్దున్నే మూడు మాలలు జపం చేస్తున్నాను. చేస్తున్నాను అనకూడదేమో, చేశాను. ఉగాది దాటిన దగ్గర్నుంచి ఏదో అయింది. ఏమీ కాలేదని చెప్పడమే నిజం. ఇంట్లో చావు లేదు, జబ్బు లేదు, అప్పులవాడు గుమ్మంలోకి రాలేదు. ఒక పొద్దున కూర్చుంటే వేళ్ల మధ్య పూసలు పూసల్లాగే ఉన్నాయి, అంతే. ఇన్నాళ్లూ నేను ఎవరితో మాట్లాడుతున్నాననుకున్నానో ఆ వైపు నుంచి చప్పుడు ఎప్పుడూ లేదు, కానీ అక్కడ ఒకరున్నారన్న ధీమా ఉండేది. ఆ ధీమా పోయింది. మూడు మాలలు రెండయ్యాయి, రెండు ఒకటయింది, శ్రావణానికి అదీ ఆగింది. అమరేశ్వరుడి లింగం పెరుగుతూ పోతుంటే నెత్తిన మేకు కొట్టి ఆపారని మా ప్రాంతంలో చెప్పుకుంటారు. ఆయన ఎత్తుకి అభిషేకం కూడా పై అంతస్తు నుంచే చెయ్యాలి. నా నెత్తిన ఎవరూ మేకు కొట్టలేదు. నా అంతట నేనే ఆగిపోయాను.

మా నాస్తిక మిత్రుడొకడితో టీ తాగుతూ ఈ మాటంటే పకపకా నవ్వాడు. "నీకు దేవుడు లేడేమోనన్న అనుమానం వస్తే పదిమందికి చెప్పుకోవచ్చు, కాలమ్ కూడా రాసుకోవచ్చు. నాకు అప్పుడప్పుడూ ఉన్నాడేమోనని అనుమానం వస్తుంది, నేనెవరికి చెప్పుకోను?" అన్నాడు. ఆ టీ డబ్బులు నేనే ఇచ్చాను.

ఇలాంటి స్థితికి మందు అమ్మేవాళ్లు ఫోన్ నిండా ఉన్నారు. ఏడు సూత్రాలు, ఇరవై ఒక్క రోజులు, ఒక బీజాక్షరం. నేను వాటి జోలికి పోను. త్యాగరాజస్వామిని తల్చుకోమన్నారు ఒక పెద్దాయన. ఆయన పూర్వీకులది మన ఉమ్మడి ప్రకాశం జిల్లా కాకర్ల, ఇంటిపేరు కూడా అదే, కాబట్టి మనవాడే. దయ రాదేమని రాముణ్ణి నిలదీసిన కీర్తనలు ఆయనవి ఎన్నో. విన్నాను. వింటే నాకు ఇంకా దిగులేసింది. నిలదీయడానికైనా ఎదురుగా ఒకరుండాలి గదా! త్యాగయ్యది అలక. అలిగినవాడు గుమ్మం దాటి పోడు. నాకు అలగబుద్ధి కూడా పుట్టలేదు, అదీ నా బాధ.

సరే, ఈ విషయంలో నా సిద్ధాంతం ఇన్నేళ్లూ ఒకటే. మనసు రాకపోయినా చెయ్యి ఆపకూడదు. వాన రాలేదని రైతు దుక్కి మానేస్తాడా? ఇదే మాట చాలామందికి చెప్పాను, బల్లగుద్ది మరీ చెప్పాను. దీనికి సాక్ష్యంగా ఎప్పుడూ ఒంగోలు కొండ కథ వాడుకునేవాణ్ణి.

కథ తెలియనివాళ్ల కోసం చెప్తాను. అమెరికా బాప్టిస్టులు తెలుగువాళ్ల కోసం 1836లో మిషన్ మొదలుపెట్టారు, 1840లో నెల్లూరులో కుదురుకున్నారు. ఏళ్లు గడిచినా చేరినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఈ ఖర్చు దేనికి, మూసేద్దామా అని 1853లో అమెరికాలో సభ పెట్టి మరీ తర్జనభర్జన పడ్డారు. పటం మీద ఒంటరి నక్షత్రంలా ఉన్న ఆ మిషన్‌ని చివరికి మూయలేదు. ఇక్కడ లైమన్ జూయెట్ అనే పాదిరి తన భార్యతో, మరో ముగ్గురు స్థానిక క్రైస్తవులతో 1854 జనవరి 1న పొద్దు పొడవకముందే ఒంగోలులో కొండెక్కి ప్రార్థన చేశాడు. ఆ ఊరికి ఒక మనిషిని పంపమని అడిగాడు. ఆ కొండని ఇప్పటికీ ప్రార్థన కొండ అనే పిలుస్తారు. 1866లో అదే మిషన్ పాదిరి జాన్ క్లౌ ఒంగోలు వచ్చాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి.

నేను ఈ కథ చెప్పేటప్పుడు చప్పట్లు ఎక్కడ పడాలో నాకు తెలుసు. 1854 అని ఒక్క క్షణం ఆగి, 2,222 అనాలి. నడుమ జరిగింది నాలుగు ముక్కల్లో తేల్చేవాణ్ణి. ధాత కరువు, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని క్లౌ గుత్తకి తీసుకుని ఆకలిగొన్నవాళ్లకి కూలి ఇప్పించడం, అంతకుముందే యర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగ పెద్దలు తమంతట తామే ఊరూరా తిరిగి మాట చేరవేయడం. పేరయ్య తోళ్ల వ్యాపారి. క్లౌ దగ్గరికి రాకముందు యోగులనీ గురువులనీ ఆశ్రయించి వెతుక్కున్న మనిషి. ఆ మనిషి వెతుకులాట కొండ మీది ప్రార్థన కన్నా పెద్ద కథ అని నా అభిప్రాయం. కానీ ఈసారి నా బుద్ధి వేరేచోట తట్టుకుంది. 1859 సంగతేమిటి? ప్రార్థన చేసి అయిదేళ్లయింది, మనిషి వచ్చేందుకు ఇంకా ఏడేళ్లుంది. అలా వస్తాడని ఎవరికీ తెలియదు. ఆ ఏడాది ఒక మామూలు మంగళవారం, ఎండాకాలం మధ్యాహ్నం, నెల్లూరులో కూర్చున్న జూయెట్ ఏమనుకున్నాడు? ఈ కథ చెప్పేవాళ్లెవరూ ఆ మంగళవారం గురించి చెప్పరు. నేనూ చెప్పలేదు. చివర 2,222 ఉంది కాబట్టే మొదట్లో ఆ అయిదుగురికి కథలో చోటు దొరికింది. ఆ అంకె లేకపోతే?

అంకె లేని మధ్యకాలాన్ని నేను మా ఇంట్లోనే చూశాను. ఇన్నేళ్లూ దాన్ని సాక్ష్యంగా ఎందుకు పిలవలేదో ఇప్పుడర్థమవుతోంది.

మా అమ్మ 1986 ఉగాదికి లక్షవత్తుల నోము పట్టింది. మాది పత్తి ఊరు, దూదికి కరువు లేదు. మధ్యాహ్నం వంట గిన్నెలు కడిగాక, ఎదురింటి అత్తయ్యా అమ్మా వసారాలో చాప వేసుకుని కూర్చునేవాళ్లు. గింజ తీసిన దూదిని చిన్న చిన్న పింజలుగా విడదీసి, కొబ్బరిచిప్పలో విభూతి వేళ్లకి అద్దుకుని, అరచేతుల మధ్య ఒక్క నులుము. వేలెడు పొడుగు వత్తి. వంద కాగానే దారంతో కట్ట, పది కట్టలయితే గుడ్డలో మూట, ఆ మూట ట్రంకుపెట్టెలోకి. రోజుకి వంద చొప్పున లక్షకి వెయ్యి రోజులు. అత్తయ్య తన లెక్క తను విడిగా పెట్టుకోలేదు. అమ్మకే చేసిపెట్టేది, పుణ్యంలో సగం రాసిస్తానని అమ్మ మాటిచ్చింది.

1987లో చేలకి తెల్లదోమ పట్టింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఆ ఏడు పత్తి వేసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కొట్టిన మందే మళ్లీ కొట్టారు, పని చెయ్యకపోతే అప్పు తెచ్చి ఇంకోటి కొట్టారు. కాయతొలిచే పురుగు కోసం విచ్చలవిడిగా వాడిన పైరెత్రాయిడ్లే దోమని పెంచాయని శాస్త్రవేత్తలు ఆనక చెప్పారు. ఆ శీతాకాలంలో, ఆ తర్వాత నెలల్లో రైతులు ప్రాణాలు తీసుకున్న వార్తలు పేపర్లో వరసగా వచ్చాయి. నేనప్పుడు గుంటూరులో డిగ్రీ చదువుతున్నాను. ఒక ఆదివారం ఇంటికొస్తే ఎదురింటి ముందు జనం. అత్తయ్య భర్త చేలోంచి తిరిగి రాలేదు.

అమ్మ ఆ రోజు నుంచి దూది ముట్టుకోలేదు. పెట్టెలో అప్పటికి 61 మూటలున్నాయి. దీపం కూడా మానేసింది. నాన్న బతిమాలాడు, మా నాయనమ్మ తిట్టింది, పురోహితుడొచ్చి మధ్యలో ఆపిన నోము అరిష్టమన్నాడు. నేను కూడా పుస్తకాల్లో చదివిన నాలుగు ముక్కలు చెప్పి, మనసు రాకపోయినా చెయ్యి ఆపకూడదమ్మా అన్నాను. చూశారా, ఆ వయసు నుంచే నాకీ రోగం ఉంది! అమ్మ వాదించలేదు. "ఆ దూదే గదరా" అంది, అంతే.

కానీ ఒకటి చూశాను. ప్రతి శుక్రవారం చింతపండు పెట్టి కుందులు తోమేది. తళతళలాడే కుందులు గూట్లో పెట్టేది. వెలిగించేది కాదు. అయిదేళ్లు వెలిగించని కుందుల్ని అయిదేళ్లూ తోమింది. అది భక్తా, మొండితనమా, అలవాటా అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

1992 కార్తీక పౌర్ణమి సాయంత్రం నేను ఇంట్లోనే ఉన్నాను. అమ్మ పెట్టె తెరిచి మూటలు విప్పి కట్టలు బయటికి తీస్తోంది. పద్దెనిమిది కట్టలు, పైన ఇరవై అయిదు విడి వత్తులు. అయిదేళ్లు, ఏడాదికి 365, మొత్తం 1,825. నాకు ప్రాణం ఉసూరుమంది. లెక్క తగ్గుతుంది గదమ్మా, లక్షకి ఇంకా దూరమైపోతావు గదా అన్నాను.

"వెలిగించడానికే గదరా చేసింది. రోజూ పెట్టలేకపోయినవాళ్ల కోసమేగా ఈ కట్టలు. రోజూ పెట్టేవాళ్లకి ఇవెందుకు?"

ఆమె మామూలుగా అన్న ఆ మాటని నేను ముప్పై ఏళ్లు వినిపించుకోలేదు. కార్తీక పౌర్ణమికి 365 వత్తులెందుకో నాకు తెలియక కాదు. ఏడాదిలో దీపం పెట్టని రోజులన్నింటికీ కలిపి పెట్టే దీపం అని చిన్నపిల్లలకి కూడా తెలుసు. కానీ ఆ లెక్క తేల్చినవాళ్లు ఎంత గడుసువాళ్లో చూడండి. ఒకటో రెండో తప్పిపోయి ఉంటాయిలే అని పది వత్తులు పెట్టమనలేదు. ఏడాది మొత్తం పెట్టలేదనే అనుకుని, దానికి సరిపడా కట్ట కట్టారు. ఎందుకు పెట్టలేదని అడిగే ఏర్పాటు మాత్రం అందులో ఎక్కడా లేదు.

అమ్మ లక్ష పూర్తి చెయ్యలేదు, ఉద్యాపన జరగలేదు. ఆ తర్వాత కొన్నాళ్లు దీపం పెట్టేది, కొన్నాళ్లు పెట్టేది కాదు. ప్రతి కార్తీకానికీ పెట్టెలోంచి 365 తీసేది. పోయి ఎనిమిదేళ్లయింది. పెట్టెలో ఇంకా ఎన్ని వత్తులున్నాయో నేను లెక్కపెట్టలేదు.

మొన్న అమరావతిలో ఆ కవరు నేనూ కొన్నాను. ఇంత తిట్టిపోసి కొన్నానని ఒప్పుకోడానికి ఇంతసేపు పట్టింది. గుడి దగ్గర వెలిగించలేదు, ఆ కుర్రాడి పక్కన నిలబడటం నామోషీ అనిపించి ఊరికి పట్టుకొచ్చాను. సాయంత్రం వసారాలో కవరు చింపి, నా బుద్ధి కొద్దీ లెక్కపెట్టాను. 358. మళ్లీ లెక్కపెట్టాను. 358 దాటలేదు. డాల్డా పోతే పోయింది, ఏడు వత్తులు కూడా మింగారు.

పెట్టె తాళం చేతిలోనే ఉంది. అమ్మ కట్టలోంచి ఏడు తీస్తే ఎవరడుగుతారు? చెయ్యి రాలేదు. ఎదురింటికెళ్లాను. అత్తయ్యకి ఇప్పుడు ఎనభై దగ్గర పడుతున్నాయి. కొడుకు పత్తే వేశాడు, వసారాలో తీత బోరేలు రెండు ఉన్నాయి. గుప్పెడు దూది కావాలత్తయ్యా, ఏడు వత్తులు తక్కువొచ్చాయి అన్నాను.

బోరెంలో చెయ్యి పెట్టి తీసిచ్చింది. "నన్ను చెయ్యమని మాత్రం అడగబాక అబ్బాయ్. ఆనాటి నుంచి నేను చెయ్యలేదు, చెయ్యను."

అడగలేదత్తయ్యా అని ఆమె గుమ్మంలోనే కూర్చున్నాను. గింజలు తీశాను. విభూతి లేదు, వేళ్లకి ముగ్గుపిండి అద్దుకున్నాను. మొదటిది ముడతలు పడింది. రెండోది ఒక కొస లావు, ఒక కొస సన్నం. అత్తయ్య మంచం మీంచి చూస్తోంది. వీధిలో ఒక్కొక్క ఇంటి ముందూ దీపాలు పడుతున్నాయి. ఆమె గుమ్మంలో దీపం లేదు. నాలుగోది చేస్తుంటే ఇక ఉండబట్టలేక అంది.

"అంత బిగించి నులమాక. నూనె పీల్చదు."

చేసిన నాలుగూ విప్పి, పింజల్ని సాగదీసి, మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాను.