7 సెకన్లు, 110 నిమిషాలు

పీవీ సింధు ఆట గురించి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పేదేమీ లేదు. రియో ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ ఫైనల్లో కరోలినా మారిన్ మీద తొలి గేమ్ 21-19తో గెలిచినప్పుడు ఎగిరి గంతేసినవాళ్లం, తర్వాత రెండు గేములూ పోతుంటే నోట మాట రాక కూర్చున్నవాళ్లం మనమే. దానికి రెండు రోజుల ముందు అదే రియోలో థాయ్‌లాండ్ అమ్మాయి ఒకరు తైక్వాండో 49 కిలోల విభాగంలో కాంస్యం గెలిచిన సంగతి మాత్రం మన చెవిన పడలేదు. పేరు పానిపక్ వాంగ్‌పట్టానాకిట్. అప్పటికి పంతొమ్మిదేళ్లు. తర్వాత టోక్యోలో స్వర్ణం, పారిస్‌లో మళ్లీ స్వర్ణం. థాయ్‌లాండ్ తరఫున రెండు ఒలింపిక్ స్వర్ణాలు నెగ్గిన తొలి క్రీడాకారిణి ఆమే.

ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టాలనిపించడానికి పతకాలొక్కటే కారణం కాదు. సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. తండ్రి రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం నెగ్గిన జట్టులో ఆడారు. తైక్వాండో ఆసియా క్రీడల్లోకి వచ్చింది కూడా ఆ సియోల్‌లోనే. అలాగే దక్షిణ థాయ్‌లాండ్‌లోని సూరత్ థానీలో పానిపక్ పుట్టిన ఇల్లూ ఆటల పిచ్చి ఉన్న ఇల్లే. అన్న ముద్దుపేరు బేస్‌బాల్, అక్కది బౌలింగ్, ఈమెది టెన్నిస్! థాయ్ జనం ఈనాటికీ ఆమెను టెన్నిస్ అనే పిలుస్తారు. ఆ ముగ్గురు పిల్లల్లో ఒకరికైనా తైక్వాండో పేరు పెట్టాలని ఇంట్లో ఎవరికీ తోచకపోవడం నాకు భలే ముచ్చటగా ఉంటుంది.

ఇద్దరూ పొడగరులే. సింధు దాదాపు 5 అడుగుల 11 అంగుళాలు, పానిపక్ 5 అడుగుల 8. అయితే ఆ పొడవు ఇద్దరికీ ఒకేలా ఉపయోగపడలేదు. బ్యాడ్మింటన్‌లో బరువు విభాగాలు లేవు. సింధు పొడవు స్మాష్‌కు ఎంత బలమో, ఒంటి మీదికి వచ్చే షటిల్ దగ్గర, నెట్ ముందు వంగాల్సిన చోట అంత భారం. తైవాన్ క్రీడాకారిణి తై జు యింగ్ లాంటి మాయలమారి ఆ సంగతి పట్టుకునే ఆమెను ఏళ్ల తరబడి ఏడిపించింది. పానిపక్ సంగతి వేరు. 49 కిలోల విభాగంలో అంత పొడవంటే ప్రత్యర్థి కాలు తనను చేరేలోపే తన కాలు ప్రత్యర్థిని చేరుతుంది. ముందు కాలు గాల్లోకి లేపి, దానితోనే ఎదుటివాళ్లను దూరంగా నిలబెట్టడం ఆమె పద్ధతి. దానికి మూల్యం తిండి దగ్గర, తూకం దగ్గర చెల్లించాలి. అది ప్రేక్షకులకు కనబడదు.

ఇక గురువులు. చోయ్ యంగ్ సోక్ కొరియా నుంచి థాయ్ జట్టుకు 2002లో వచ్చారు. కఠినంగా ఉంటారని థాయ్ జనం ఆయనకు ‘టైగర్’ అని పేరు పెట్టుకున్నారు. తర్వాత ఆయన థాయ్ పౌరసత్వమే తీసుకున్నారు. పానిపక్ మూడు ఒలింపిక్స్‌లోనూ వెనక కుర్చీలో కూర్చున్నది ఆయనే. సింధుకు ఆ స్థిరత్వం లేదు. రియో ముందు ఫోన్ లాగేసుకున్న కోచ్ గోపీచంద్ క్రమశిక్షణ మనకు తెలిసిందే. 2019 బాసెల్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ స్వర్ణానికి ముందు కొరియా కోచ్ కిమ్ జీ హ్యూన్, టోక్యో కాంస్యానికి మరో కొరియన్ పార్క్ తే సాంగ్, పారిస్‌కు ఇండోనేషియా కోచ్. ఒక గురువు చేతిలో పెరగడమా, నలుగురి దగ్గర నాలుగు విద్యలు నేర్వడమా అనే తగాదా మన సంగీతంలో ఎంత పాతదో ఆటల్లోనూ అంతే. నాకు రెండూ ఇష్టమే. పారిస్‌లో గెలవగానే పానిపక్ మోకాళ్ల మీద వంగి చోయ్‌కి నమస్కరిస్తే, ఆయనా మోకాళ్ల మీద కూలబడి ఆమెకు తిరిగి వంగారు. ఇరవై ఏళ్లకు పైగా ఒకే జట్టును అంటిపెట్టుకున్న మనిషికే అది దక్కుతుంది.

అసలు పోలిక ఓటమి దగ్గర మొదలవుతుంది. రియో క్వార్టర్స్‌లో పానిపక్ గెలుస్తున్నట్టే ఉండి, ఆఖరి క్షణాల్లో కొరియా అమ్మాయి కిమ్ సో హుయ్ చేతిలో 5-6తో ఓడింది. తేడా ఒక్క పాయింటు. అదే విధంగా 2017 గ్లాస్గో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో సింధు 110 నిమిషాలు ఆడి, మూడో గేమ్ 20-22తో జపాన్ అమ్మాయి ఒకుహరాకు వదులుకుంది. రెండూ ఆఖరి మెట్టు మీద జారిన మ్యాచులే.

ఆ గాయాలకు ఇద్దరూ వెతుక్కున్న మందులు మాత్రం వేరు. టోక్యో ఫైనల్లో పానిపక్ ఎదుట పదిహేడేళ్ల స్పెయిన్ అమ్మాయి అద్రియానా సెరెజో. మరో 7 సెకన్లే ఉన్నాయి, స్కోరు 9-10. అక్కడ తొందరపడి తలకు గురిపెడితే మూడు పాయింట్లు. కానీ గురి తప్పితే పతకం పోతుంది. పానిపక్ నడుము పైన కవచానికి ఒక్క కిక్ తగిలించింది. రెండు పాయింట్లు, 11-10. రియోలో తనను ముంచిన ఆ ఆఖరి సెకన్లలోనే మళ్లీ నిలబడి, ఒక్క పాయింటు తేడాతోనే గెలిచింది. సింధు బాసెల్‌లో అదే ఒకుహరాను 21-7, 21-7తో 38 నిమిషాల్లో ముగించింది. ఆఖరి మెట్టు దాకా మ్యాచ్‌ను రానిస్తే కదా జారడం! ఒకరు భయం పుట్టిన చోటే కాపురం పెట్టారు, ఇంకొకరు ఆ వీధిలోకే పోలేదు.

విచిత్రంగా పారిస్ నాటికి తైక్వాండో నిబంధనలే బ్యాడ్మింటన్ వైపు జరిగాయి. టోక్యోలో మూడు రౌండ్ల పాయింట్లు కలిపి లెక్కించేవారు. పారిస్‌లో ఏ రౌండుకు ఆ రౌండే, మూడింట రెండు గెలవాలి. చైనాకు చెందిన గువో చింగ్ మీద పానిపక్ 6-3, 2-3, 6-2తో నెగ్గింది. మూడో రౌండులో ఆఖరి సెకన్ల దాకా రానివ్వలేదు. బాసెల్ పాఠం ఆమెకూ అబ్బిందన్నమాట. అంతకు ఆరు రోజుల ముందే సింధు అదే నగరంలో చైనాకే చెందిన హీ బింగ్జియావో చేతిలో 19-21, 14-21తో ఓడింది.

రెండు స్వర్ణాలు ఒకవైపు, రజతం, కాంస్యం మరోవైపు పెట్టి తూచేవాళ్లతో నాకు పేచీ ఉంది. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలో అయిదు పతకాలు తెచ్చిన సింధు, ఏ వారం ఎవరు ఎదురొస్తారో తెలియని సర్క్యూట్‌లో పదేళ్లకు పైగా నిలిచింది. ఒత్తిడి క్షణంలో చేయి వణకకపోవడంలో మాత్రం పానిపక్‌దే పైచేయి, ఇందులో నాకు సందేహం లేదు. ఇరవై ఏడో పుట్టినరోజుకు ఒక రోజు ముందు పారిస్‌లో గెలిచి, ఇక చాలని ఆమె రిటైర్మెంట్ ప్రకటించింది. కొంత విరామం తీసుకుని మళ్లీ ఆడతానని సింధు ప్రకటించింది, ఆడుతూనే ఉంది.