‘బ్లాక్ బ్యూటీ’లో ముసలి గుర్రం

అన్నా సూయెల్ అనే ఆంగ్ల రచయిత్రి ‘బ్లాక్ బ్యూటీ’ నవలను ఒక గుర్రం చెప్పుకొన్న ఆత్మకథగా రచించింది. అది 1877 నవంబరులో వెలువడింది. పధ్నాలుగో ఏట చీలమండలు దెబ్బతిని, సరిగా నడవలేక, జీవితమంతా గుర్రపు బండ్లపై ఆధారపడిన ఆమెకు గుర్రాల కష్టసుఖాలు బాగా తెలుసు. తల వంచనీయకుండా పైకి లాగి కట్టే పగ్గాన్ని ఆమె ఖండించిన తీరు ప్రసిద్ధమే. నవల చివరి రెండు అధ్యాయాలకు మరొక ప్రాముఖ్యం ఉంది. పనికిరాదని తోసివేసిన గుర్రానికి మళ్ళీ సత్తువ ఎలా వస్తుందన్నది వాటిలోని విషయం. శరీరధర్మశాస్త్రం ఎదుట అవి ఎంతవరకు నిలుస్తాయో చూడదగును.

లండనులో అద్దెబండి లాగుతున్న బ్యూటీ, నలుగురు మనుషులు, బోలెడు సామాను ఎక్కిన బండితో లడ్గేట్ హిల్ ఎక్కలేక కూలిపోతుంది. ఆరు నెలలు విశ్రాంతి ఇస్తే కోలుకుంటుందని గుర్రాల వైద్యుడు చెబుతాడు. అంతకాలం ఊరక మేపే ఓపిక యజమానికి లేదు. కొద్దిరోజులు మంచి మేత వేసి సంతకు పంపిస్తాడు. అక్కడ థరోగుడ్ అనే ముసలి రైతు దాని వాచిన కాళ్ళు తడిమి, నోరు చూసి, పదమూడు పధ్నాలుగేళ్ళు ఉంటాయని అంచనా కట్టి, ఐదు పౌన్లకు కొంటాడు. లేడీబర్డ్ అనే గుర్రాన్ని పడుచుదాన్ని చేసినట్లే దీన్నీ చేయమని మనుమడు విల్లీ బతిమాలినప్పుడు ఆ రైతు ఇచ్చిన జవాబు నవలలోకెల్లా శాస్త్రీయమైన మాట. ముసలి గుర్రాలన్నిటినీ పడుచువాటిగా చేయడం తన వల్ల కాదనీ, లేడీబర్డ్ అసలు అంత ముసలిది కాదు, చాకిరీతో చిక్కిపోయినదనీ అతడు అంటాడు.

వార్ధక్యం వేరు, అలసట వేరు. పైకి మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి: ఎముకలు తేలిన ఒళ్ళు, బిగిసిన కాళ్ళు, వాలిన మెడ. ఈ తేడాను అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో రట్గర్స్ విశ్వవిద్యాలయం వారు 2002లో ప్రకటించిన ఒక పరిశోధన కొలిచి చూపింది. సుమారు ఏడేళ్ళు, పదిహేనేళ్ళు, ఇరవై ఏడేళ్ళు వయస్సు గల ఆడగుర్రాలను యంత్రపు పట్టాపై పరుగెత్తించారు. శిక్షణకు ముందు గరిష్ఠ హృదయ వేగం మొదటి జట్టులో నిమిషానికి 218, రెండో జట్టులో 213. రెంటి మధ్య చెప్పుకోదగిన భేదం లేదు. మూడో జట్టులో అది 193కు దిగింది. పరీక్షించిన గుర్రాలు కొద్ది, అవన్నీ ఒకే జాతివి. కనుక ఈ అంకెలను ప్రతి గుర్రానికీ అంటగట్టరాదు. అయినా పధ్నాలుగేళ్ళ బ్యూటీ గుండె ముసలిది కాదని, దాన్ని కూల్చింది చాకిరీయేనని అనుకోవడానికి ఇది గట్టి ఆధారం. రైతు చూపు సరైనదే.

చిక్కు తరువాతి అధ్యాయంలో వచ్చింది. మార్చిలో తేలిక బండికి కట్టి చూసినప్పుడు బ్యూటీ హాయిగా నడుస్తుంది. అది పడుచుదవుతోందనీ, నడివేసవికి లేడీబర్డ్‌కు తీసిపోదనీ అదే రైతు సంబరపడతాడు. సంతలో తాను అన్న మాటను ఇక్కడ మరచినట్లున్నాడు. రచయిత్రి కూడా మరచింది. పైన చెప్పిన పరిశోధనలో శిక్షణ వల్ల ప్రాణవాయువును వినియోగించుకొనే శక్తి పెరిగింది గాని గరిష్ఠ హృదయ వేగం పెరగలేదు. బలం తిరిగి వస్తుంది, యౌవనం రాదు. పధ్నాలుగేళ్ళ గుర్రం విషయంలో ఈ పొరపాటు అంత ప్రమాదకరం కాకపోవచ్చు. ఇరవై అయిదేళ్ళ గుర్రం ఒకనాడు ఉషారుగా కనిపించిందని దాన్ని పడుచు గుర్రం పక్కన పరుగెత్తిస్తే మాత్రం ప్రాణం మీదికి రావచ్చు.

నవలలో బాగా కుదిరినది కాలగతి. శీతకాలమంతా మెత్తని పచ్చిక, ఉదయం సాయంకాలం మేత, తనంతట తాను తిరిగే స్వేచ్ఛ. ఆ పిమ్మట కొద్ది మైళ్ళ ప్రయాణం. గుండె, కండరాలు కొన్ని వారాలలోనే శ్రమకు అలవాటుపడతాయి. స్నాయువులు, కీళ్ళ బంధనాలు, ఎముకలు అలా కాదు. వాటికి నెలలు పడుతుంది. గుర్రానికి హుషారు వచ్చి, కాళ్ళు ఇంకా గట్టిపడని ఆ మధ్యకాలమే గాయాలకు అదను. సూయెల్‌కు ఈ కారణం తెలిసే అవకాశం లేదు. అనుభవంతోనే సరైన గడువు పెట్టింది. కాని ఆ శీతకాలాన్ని ఒక్క వాక్యంలో దాటించడంతో, అసలు పని జరిగిన నెలలను పాఠకుడు చూడకుండానే బండి ఎక్కేస్తాడు.

పచ్చికకూ బండికీ నడుమ మెట్లు లేవన్నది ఈ ఘట్టంలోని ముఖ్య లోపం. ముందుగా వైద్యుడు గుండె, కీళ్ళు, గిట్టలు, పళ్ళు పరీక్షించాలి. తరువాత చదునైన గట్టి నేల మీద పదిహేను ఇరవై నిమిషాల నడక. మొదట సేపు పెంచాలి, తరువాత ఎత్తుపల్లాలు, చివరకు దౌడు; ఒకేసారి రెండు పెంచరాదు. విశ్రాంతిలో ఆరోగ్యవంతమైన గుర్రపు నాడి నిమిషానికి 28 నుండి 44 వరకు ఉంటుంది. పని ఆపిన తరువాత అది ఎంత త్వరగా దిగుతోంది, మరునాడు కాళ్ళు బిగిశాయా, వాచాయా అన్నవి చూస్తే మోతాదు ఎక్కువయిందో లేదో తెలుస్తుంది.

రైతు పళ్ళు చూసింది వయస్సు కోసమే. నిజంగా ముసలి గుర్రమైతే, అరిగిన పళ్ళతో ఎండుగడ్డి నమలగలదా అనేది ముందు తేలవలసిన సంగతి. నవల మెచ్చిన ఓట్లు కూడా అన్నిటికీ పడవు. ముసలి గుర్రాలలో తరచు కనిపించే పిట్యూటరీ గ్రంథి వ్యాధి ఉంటే, పిండిపదార్థం ఎక్కువయిన మేత గిట్టల లోపల బాధాకరమైన వాపుకు దారితీయవచ్చు. ఇంగ్లండు మార్చి చల్లదనం మరొక ప్రమాదాన్ని కప్పివేసింది. రట్గర్స్ వారే 2010లో ప్రకటించిన ప్రయోగంలో, ఒకే శ్రమ చేయించినప్పుడు ముసలి ఆడగుర్రాల శరీరోష్ణత, పడుచువాటికి పట్టిన కాలంలో ఇంచుమించు సగంలోనే 40 డిగ్రీల సెంటిగ్రేడుకు చేరింది. ఎండదేశాలలో ఈ నవలను పాఠంగా తీసుకొనేవారు తెల్లవారుజామునే పని ముగించడం, పిమ్మట నీటితో ఒళ్ళు చల్లబరచడం తామే చేర్చుకోవలసి ఉంటుంది.

ఒక్క విషయంలో సూయెల్ కథను ముగించిన తీరు మెచ్చదగింది. చివరి ఇంటిలో బ్యూటీని ఊరక పచ్చికలో వదిలివేయలేదు. మంచి మనసు గల స్త్రీల తేలిక బండి లాగుతూ, తనను చిన్ననాడు ఎరిగిన సాహిసు జో గ్రీన్ చేతి కింద ఏడాది గడిపినట్లు రాసింది. పని మానిన కొద్దివారాలకే కూడిన సత్తువ కరగడం మొదలవుతుంది. ముసలి గుర్రంలో దాన్ని తిరిగి కూడబెట్టడం కష్టం. వారానికొకనాటి దూరప్రయాణం కంటే ఆ దినదినపు కొద్దిపాటి బండిపనే దాని కాళ్ళను నిలిపి ఉంటుంది.