రుచి తెలిసిన నాలుక

మా ఇంట్లో టీ మొదట రుచి చూసేది అమ్మ. అరచేతిలో రెండు చుక్కలు వేసుకుని, పంచదార సరిపోయిందో లేదో చూసి, గ్లాసులు అందరికీ అందించేది. తను తాగేది మాత్రం ఆఖర్న, గిన్నె అడుగున చల్లారిపోయింది. అమ్మకి రుచి తెలుసని అందరం ఒప్పుకున్నాం. అభిరుచి ఉందని ఎవరం అనలేదు. ఆ మాట నిపుణులకీ, విమర్శకులకీ దాచిపెట్టుకున్నాం.

ఈమధ్య నాలుగు రకాల టీలు పక్కపక్కన పెట్టుకుని, వేడివేడిగా, నా ఒక్కదాని కోసమే కాచుకుని తాగాను.

డార్జిలింగ్ ఫస్ట్ ఫ్లష్ మార్చి, ఏప్రిల్ నెలల ఆకు. లేత బంగారు రంగు, పచ్చి చిగురు వాసన. పాలు పోస్తే ఆ సువాసన మిగలదు. అస్సాం సీటీసీ యంత్రాలలో నలిగి, చిరిగి, గుళికలుగా చుట్టుకున్న ఆకు. సున్నితత్వం లేదని రసజ్ఞులు దీన్ని చిన్నచూపు చూస్తారు. కానీ పాలూ, పంచదారా, అల్లమూ అన్నీ మోస్తూ కూడా తన రుచి నిలుపుకునేది ఇదే. సున్నితమైనదే గొప్పదనే కొలమానం ఎవరిదని సాహిత్యంలో అడిగిన ప్రశ్నే ఇక్కడా అడగాలనిపించింది. ఎర్ల్ గ్రేకి బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు తొక్క నుంచి తీసిన నూనె పరిమళం అద్దుతారు. మొదటి గుక్క బావుంది. నాలుగో గుక్కకి పరిమళమే మిగిలింది, టీ లేదు.

ఇరానీ చాయ్‌లో డికాక్షన్ దమ్ మీద ఉంటుంది, పాలు విడిగా చిక్కగా మరుగుతాయి. హైదరాబాదులో చదువుకునే రోజుల్లో ఆ హోటళ్ళ ముందు నుంచి నడిచి వెళ్ళడమే తప్ప లోపల కూర్చున్నది లేదు. అక్కడ గంటల తరబడి సాహిత్యం మాట్లాడుకున్నది మగవాళ్ళు. ఆ తీపిలో నాకు ఇప్పటికీ కాస్త ఉక్రోషం తగులుతుంది.

ఇక పొట్లాల మీది రాతలు. కొండల ఎత్తు, పొగమంచు, వాన, అన్నీ వర్ణిస్తాయి. రెండాకులూ ఒక మొగ్గా తుంచిన చెయ్యి మాత్రం కనిపించదు. తోటల్లో ఆ పని చేసేది ఎక్కువగా స్త్రీలే. 2015 సెప్టెంబరులో కేరళలోని మున్నార్‌లో వాళ్ళు 20 శాతం బోనస్ కోసం రోడ్డెక్కారు. మగ నాయకుల యూనియన్లని దగ్గరికి రానివ్వకుండా, 'పెంబిళై ఒరుమై' పేరుతో తామే సమ్మె నడిపి బోనస్ సాధించుకున్నారు. ప్రకృతిని అంతగా పొగిడే భాషకి ఈ శ్రమ ఎందుకు అందదు?

మర్నాడు డార్జిలింగ్ టీ కాచి, మొదటి కప్పు అమ్మకిచ్చాను. ఆ పేరు తను ఎప్పుడూ వినలేదు. ఒక గుక్క తాగి, "ఆకు ఎక్కువసేపు ఉంచేశావే, వగరొచ్చింది" అంది. గడియారం చూశాను. మూడు నిమిషాలుంచాల్సింది, అయిదు దాటింది.