బ్రదర్ లారెన్స్ వంటింటి ప్రార్థన

నికోలా ఎర్మాన్‌కి వంటపని అంటే మొదటి నుంచీ అయిష్టమే. అయినా పారిస్‌లోని కార్మెలైట్ మఠం పెద్దలు ఆయన్ని వంటింటికే పంపారు. పదిహేనేళ్ళు అక్కడే గరిటె తిప్పారు. ఆ పొగలో, ఆ హడావిడిలో ఆయన అలవరచుకున్న ప్రార్థన పద్ధతినే ఇవాళ్టికీ ఎందరో క్రైస్తవులు తమ ఆత్మీయ జీవితానికి పాఠంగా పెట్టుకుంటున్నారు. లోకానికి ఆయన బ్రదర్ లారెన్స్.

లొరేన్ ప్రాంతంలో పేదింటి బిడ్డ. పద్దెనిమిదో ఏట, చలికాలంలో మోడువారిన ఒక చెట్టును చూసి, కొన్నాళ్ళకు ఇది మళ్ళీ చిగురించి పూస్తుంది కదా అనుకున్నారట. దేవుడి మీద ఆయన ప్రేమకు మొదలు అదేనని చెప్పుకునేవారు. తర్వాత ముప్పై ఏళ్ళ యుద్ధంలో సిపాయిగా దెబ్బతిన్నారు, జీవితాంతం కుంటుతూనే నడిచారు. ఒక ఖజానా అధికారి దగ్గర నౌకరీ చేశారు. చేతిలోకి తీసుకున్నదల్లా పగలగొట్టే మోటు మనిషినని తన గురించి తానే చెప్పుకున్నారు. 1640లో మఠంలో చేరింది కూడా ఆ మోటుతనానికి తగిన శాస్తి జరుగుతుందనే. తీరా అక్కడ దొరికింది సంతోషం. దేవుడు తన లెక్క తప్పించాడని ఆయన ఫిర్యాదు!

ఇంతకీ ఆయన చేసిందేమిటి? పని మొదలుపెట్టే ముందు దేవుడితో చిన్న మాట: ఈ పని నీ కోసమే, తోడుండు అని. పని మధ్యలో మళ్ళీ మళ్ళీ ఆయనతో మాట. అది కంఠస్థం చేసిన ప్రార్థన కాదు, ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు మామూలు మాట. పని ముగిశాక చూసుకోవడం: బాగా జరిగితే కృతజ్ఞత, లేకుంటే క్షమాపణ. పెనం మీద ఆమ్లెట్ తిప్పినా దేవుడి మీద ప్రేమతోనే తిప్పేవారట. అది అయ్యాక వేరే పని లేకపోతే అక్కడే నేల మీద సాష్టాంగపడి, దాన్ని చేసే శక్తినిచ్చినందుకు ఆరాధించి లేచేవారు. మఠానికి ద్రాక్షసారా కొనడానికి బర్గండీ పంపితే, పడవలో కుంటికాలితో నడవలేక పీపాల మీద దొర్లుకుంటూ కదిలేవారు. బేరసారాలు చేతకాని మనిషి. ఇది నీ పనే కదా ప్రభువా అని అప్పగించేసేవారు. ఎలా జరిగిందో తెలియదుగానీ పని సవ్యంగా జరిగిపోయేదట.

ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది, మరిచిపోయినప్పుడు ఆయన చేసే పని. దేవుణ్ణి కాసేపు మరిచినా, తప్పు చేసినా దాచకుండా ఒప్పుకునేవారు. నువ్వు వదిలేస్తే నేనిలాగే చేస్తాను, నువ్వే పట్టుకోవాలి అనేసి, ఇక దాని గురించి కుమిలిపోకుండా పనిలో పడేవారు. మనలో చాలామంది ప్రార్థన తప్పినందుకు తమను తాము తిట్టుకుంటూ గడిపే సమయం, అసలు ప్రార్థనకు పట్టే సమయం కన్నా ఎక్కువ. ఆ తిట్టుకోవడాన్నే భక్తి అనుకుంటాం కూడా.

ప్రార్థనలో మనసు నిలవడం లేదని ఒకరు రాస్తే, మాటలు తగ్గించమన్నారు. ధనవంతుడి వాకిట కూర్చున్న మూగ బిచ్చగాడిలా ఊరికే ఉండమన్నారు. ఇంకో కిటుకు కూడా చెప్పారు. ప్రార్థన వేళ మనసు పరుగులు పెట్టకూడదంటే, మిగతా రోజంతా దాన్ని మరీ దూరం పోనివ్వకూడదు. పగలంతా తోలేసి, సాయంత్రం కూర్చోగానే నిలవమంటే నిలుస్తుందా?

ఈ దారి ఆయన కనిపెట్టిందేమీ కాదు. ఎడతెగక ప్రార్థించమని పౌలు థెస్సలొనీక సంఘానికి రాసినప్పటి నుంచీ దాన్ని ఆచరణలో పెట్టడమెలా అని క్రైస్తవులు వెతుకుతూనే ఉన్నారు. ఐగుప్తు ఎడారిలోని సన్యాసులు ఒక చిన్న కీర్తన వాక్యాన్నే పనిలోనూ నిద్రకు ముందూ మననం చేసేవారని 5వ శతాబ్దంలో జాన్ కాసియన్ రాశాడు. మన తెలుగు క్రైస్తవ ఇళ్ళలో పెద్దవాళ్ళు బియ్యం ఏరుతూ, అంట్లు తోముతూ ‘స్తోత్రం ప్రభువా’ అనుకోవడం కూడా ఈ కోవలోదే. అదేదో నోటి అలవాటని కుర్రకారు నవ్వుతుంది. కొన్నిసార్లు నిజంగానే నోటి అలవాటు. కానీ అలవాటు లేకుండా ఇది మొదలవదు.

ఒకటి మాత్రం చెప్పాలి. లారెన్స్‌ను ‘సులువైన మార్గం’గా చూపించేవాళ్ళు, మొదటి పదేళ్ళు తాను చాలా వేదన పడ్డానని ఆయనే రాసిన సంగతి చెప్పరు. మఠంలో నియమిత ప్రార్థన వేళల్ని ఆయన ఎగ్గొట్టలేదనీ చెప్పరు. పైగా గరిటె తిప్పుతూ దేవుడితో మాట్లాడవచ్చు. లెక్కల పద్దు సరిచూస్తూ మాట్లాడటం వేరు. తల మొత్తం పెట్టాల్సిన పనిలో, పనికీ పనికీ మధ్య దొరికే సందులే దిక్కు.

1691 ఫిబ్రవరి 12న ఆయన చనిపోయాక, ఆయన ఉత్తరాల్నీ సంభాషణల్నీ జోసెఫ్ ద బోఫోర్ అనే గురువు పోగుచేసి అచ్చు వేయించారు. ఆ మాటల్ని ఫ్రెంచి ఆర్చిబిషప్ ఫెనెలాన్ ఆత్మీయ జీవితం గురించిన తన వాదనకు ఆసరా చేసుకోవడం, 1699లో పోపు ఫెనెలాన్ పుస్తకంలోని వాక్యాల్ని ఖండించడంతో ఫ్రాన్స్‌లో లారెన్స్ పేరు మరుగున పడింది. ఆదరించింది ప్రొటెస్టెంట్లు. మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ తన క్రైస్తవ గ్రంథమాలలో ఆ పుస్తకానికి చోటిచ్చాడు.

ఆ ఉత్తరాల్లో ఒకచోట ఓ స్త్రీ ప్రస్తావన వస్తుంది. త్వరగా పరిశుద్ధురాలైపోవాలని ఆమె తొందర. ఆమెకు మంచి మనసుందిగానీ కృప కన్నా వేగంగా పోవాలని చూస్తోందనీ, ఎవరూ ఒక్కసారిగా పరిశుద్ధులు కారనీ రాసి, ఆమెను కాస్త చూసుకోమని ఆ ఉత్తరం అందుకున్నవారికే అప్పగించారు.