రెండు విద్యల లెక్క

సూర్యాపేట దగ్గర, చివ్వెంల మండలం దురాజ్‌పల్లిలో, పెద్దగట్టు మీద రెండేళ్లకోసారి మాఘమాసంలో లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. మేడారం తర్వాత తెలంగాణలో అంత పెద్ద జాతర ఇదేనంటారు. గజ్జెల లాగు కట్టి, కత్తి పట్టి, భేరి మోతకు అడుగు కలుపుతూ ‘ఓ లింగా’ అని గట్టెక్కే మనిషిని చూసి, ఇతను పోరాటగాడా, ఆటగాడా, భక్తుడా అని ఎవరూ అడగరు. మూడూ అతనే. అదే మనిషిని పాచికల ఆటలో పాత్రగా కాగితం మీదికి తేవాలంటే మాత్రం అడక్క తప్పదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో పాత్ర పేరు రాయగానే పక్కన ‘క్లాస్’ అని ఒక గడి ఉంటుంది. అందులో ఏం రాయాలి?

ఈ ఆట ఎరగనివాళ్లకు రెండు ముక్కలు. నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర అవుతారు. గోడ దూకాలన్నా, శత్రువును కొట్టాలన్నా ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి. క్లాస్ అంటే ఆ పాత్ర నేర్చిన విద్య: ఫైటర్‌కు కత్తిసాము, విజార్డ్‌కు మంత్రాలు, క్లెరిక్‌కు దేవుడి అండ, రోగ్‌కు దొంగ చాకచక్యం, బార్డ్‌కు పాట. అనుభవం పెరిగేకొద్దీ లెవల్ పెరుగుతుంది, ఇరవై దాకా. రెండు విద్యలు కలిపి నేర్చుకోవడాన్ని ఆడేవాళ్లు మల్టీక్లాస్ అంటారు. 2014 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో దీనికిచ్చిన చోటు మూడు పేజీలే. అదీ ‘ఇష్టమైతే వాడుకోండి’ అనే కోవలో. ఆ కొద్ది పేజీల పనితనం ఎంతటిదో తెలియాలంటే, అంతకుముందు నలభై ఏళ్ల పాటు ఎవరెవరు ఎలా తంటాలు పడ్డారో కొంచెం చూడాలి.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన తొలి పెట్టెలో విద్యలు మూడే: పోరాటం, మంత్రం, పౌరోహిత్యం. ఎల్ఫ్ జాతివాళ్లకు మాత్రం ఒక వెసులుబాటు ఇచ్చారు. ఒక సాహసానికి ఫైటర్‌గా, మరో సాహసానికి మాంత్రికుడిగా బయల్దేరవచ్చు. ఇది ఇంకా నియమం అనిపించుకోదు, మాటవరసకు ఇచ్చిన అనుమతి. 1978లో అడ్వాన్స్‌డ్ డీ అండ్ డీ వచ్చాకే అసలు లెక్క మొదలైంది. ఎల్ఫ్, డ్వార్ఫ్ లాంటి జాతులవాళ్లు రెండు మూడు విద్యలు ఒకేసారి నేర్చుకోవచ్చు, వచ్చిన అనుభవాన్ని మాత్రం వాటి మధ్య సమంగా పంచాలి అన్నారు.

సగం సగం అంటే పెద్ద శిక్షే అనిపిస్తుంది. పట్టిక దగ్గర పెట్టుకుని చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. 1989 నాటి రెండో ఎడిషన్ అంకెలు తీసుకుందాం. ఫైటర్‌కు రెండో లెవల్ 2,000 పాయింట్ల దగ్గర, మూడోది 4,000, నాలుగోది 8,000, ఐదోది 16,000, ఆరోది 32,000, ఏడోది 64,000. ప్రతి మెట్టూ రెట్టింపు. మెట్లు రెట్టింపవుతుంటే, సంపాదన సగమైతే తగ్గేది ఒక్క మెట్టే! 64,000 కూడబెట్టిన వట్టి ఫైటర్ ఏడో లెవల్‌లో ఉంటే, అంతే కూడబెట్టిన ఫైటర్–మేజ్ చెరో 32,000 పంచుకుని ఫైటర్‌గా ఆరులో, మాంత్రికుడి పట్టిక వేరు గనక మేజ్‌గా ఐదులో ఉంటాడు. ఒక్క మెట్టు ఇచ్చి ఒక విద్య మొత్తం కొనుక్కున్నాడు. తొమ్మిదో లెవల్ దాటాక ఫైటర్‌కు ప్రతి మెట్టూ తలా 2,50,000 అవుతుంది, రెట్టింపు ఆగిపోతుంది. అక్కడి నుంచి సగమంటే నిజంగానే సగం. రెండు విద్యలవాడు మొదట్లో మెరిసి తర్వాత వెనకబడతాడు. ఆ వెనకబాటును పనిగట్టుకుని ఎవరూ నియమంగా రాయలేదు, పట్టిక వంపులోనే ఉంది. అది చాలదన్నట్టు జాతిని బట్టి ‘ఇంతకు మించి ఎక్కరాదు’ అని పైకప్పు కూడా వేశారు. వంపు చేస్తున్న పనికి కప్పు అనవసరమనే నేనంటాను.

మనుషులకు వేరే దారి పెట్టారు. ఉన్న విద్యను పక్కన పెట్టి కొత్తది మొదటి నుంచి నేర్చుకోవాలి. పాత విద్యకు మూలమైన గుణం (బలమో, తెలివో) 15, కొత్తదానికి 17 ఉంటేనే ఆ అవకాశం. కొత్త విద్యలో పాత లెవల్‌ను దాటేదాకా పాత కిటుకు వాడితే ఆ ఘట్టంలో వచ్చే అనుభవం పోతుంది. ఆరు లెవళ్ల ఫైటర్ ఒకటో లెవల్ మాంత్రికుడిగా మూల నిలబడతాడు. ఎదుట స్నేహితుడు దెబ్బలు తింటుంటే కత్తి దూయాలా, చదువు కాపాడుకోవాలా? ఆడించడానికి చిరాకు పుట్టించే నియమమే కానీ, దీనంత నాటకం ఉన్న నియమం తర్వాతి ఎడిషన్లలో లేదు.

2000లో మాంటీ కుక్, జోనథన్ ట్వీట్, స్కిప్ విలియమ్స్ మూడో ఎడిషన్‌తో తలుపులు బార్లా తెరిచారు. లెవల్ పెరిగినప్పుడల్లా ఏ విద్యలో పెంచుకోవాలో నీ ఇష్టం. ప్రతి విద్యకూ ఒక పట్టిక ఉంటుంది, నీ వరసలన్నీ కూడుకో. స్వేచ్ఛ బాగానే ఉంది, కూడికే తప్పింది. విజార్డ్ మొదటి వరసలో దాడి బలం సున్నా. రోగ్ మొదటి వరసలోనూ, క్లెరిక్ మొదటి వరసలోనూ సున్నాయే. మూడూ ఒక్కో లెవల్ నేర్చిన మూడో లెవల్ మనిషికి కత్తి పట్టడం మొదటిరోజు వచ్చినంతే వస్తుంది. మూడు లెవళ్లూ రోగ్‌గానే ఉన్నవాడికి +2 ఉంటుంది. మంత్రాల దగ్గర దెబ్బ మరీ గట్టిది. ఐదు లెవళ్ల విజార్డ్, ఐదు లెవళ్ల క్లెరిక్ కలిసిన పదో లెవల్ మనిషి, పదో లెవల్ శత్రువు ముందు ఐదో లెవల్ మాంత్రికుడి మంత్రాలతో నిలబడాలి. ఆ చిల్లుకు అతుకుగా 2003 సవరణలో మిస్టిక్ థీయర్జ్ అనే కొత్త క్లాస్‌నే పుట్టించారు. 2008 నాటి నాలుగో ఎడిషన్ మొదట్లో ఈ జోలికి పెద్దగా పోలేదు. పక్క విద్యలోంచి ఒకటి రెండు కిటుకులు అరువు తెచ్చుకోనిచ్చి ఊరుకుంది.

మైక్ మెర్ల్స్, జెరెమీ క్రాఫర్డ్ ముఖ్య రూపకర్తలుగా వచ్చిన 2014 ఐదో ఎడిషన్ ఈ కూడికలను సరిదిద్దే ముందు ఒక ప్రశ్న వేసుకున్నట్టుంది: మనిషితో పాటు పెరిగేది ఏది, విద్యతో పాటు పెరిగేది ఏది? ఈ విభజన ఒక్కటి కుదిరాక మిగతా నియమాలన్నీ వాటంతట అవే వరసలో పడ్డాయి.

పాచిక మీద కలిపే నైపుణ్యపు బోనస్ మనిషిది. అన్ని విద్యల లెవళ్లూ కలిపిన మొత్తాన్ని బట్టి +2 నుంచి +6 దాకా పెరుగుతుంది, ఎన్ని విద్యలు మారినా తగ్గదు. మూడో ఎడిషన్ సున్నాల కూడిక దీంతో మాయం. ఎప్పుడంటే అప్పుడు వేసుకోగల చిన్న మంత్రాల తీవ్రత కూడా మొత్తం లెవల్‌దే. ఇక విద్యలోని ప్రత్యేక శక్తులూ, నాలుగో లెవల్‌లో గుణాలు పెంచుకునే అవకాశమూ విద్యవి. ఫైటర్‌గా మూడు, బార్డ్‌గా మూడు లెవళ్లు ఉన్నవాడు ఆరో లెవల్ మనిషే, అయినా ఆ పెంపు ఇంకా అందదు. ఎందులోనూ నాలుగోది రాలేదు కదా.

జాతర మనిషిని ఇక్కడ బల్ల మీదికి తెద్దాం. కత్తీ పాటా కావాలి, అంటే ఫైటర్–బార్డ్. అడుగుపెట్టడానికి బలమో చురుకుదనమో 13, ఆకర్షణ 13 ఉండాలి. ముందు ఏది? ఇది మామూలు ప్రశ్న కాదు. ఫైటర్‌గా మొదలైనవాడికి బరువైన కవచం వాడటం వస్తుంది, బలానికీ దేహదారుఢ్యానికీ సంబంధించిన రక్షణలు ఉంటాయి, తొలి ప్రాణబలం 10 దగ్గర మొదలవుతుంది. బార్డ్‌గా మొదలై తర్వాత ఫైటర్ అయినవాడికి ఆయుధాలన్నీ, డాలూ, మధ్యరకం కవచం దాకా వస్తాయి, బరువైన కవచం రాదు. రక్షణలు చురుకుదనానివీ ఆకర్షణవీ. ఫైటర్ రక్షణలు ఎన్నటికీ రావు. తొలి ప్రాణబలం 8. ఇద్దరికీ లెవళ్లు సమానమే, మనుషులు వేరు. పసితనంలో ఒంటపట్టినదాన్నీ పెద్దయ్యాక నేర్చినదాన్నీ ఈ నియమం వేరుగా చూస్తుంది. ఒక పట్టికతో జీవితచరిత్ర రాయించడం అంటే ఇదే.

కాకతీయ గణపతిదేవుడి గజసాహిణి జాయపను ఈ ఆటలోకి తెస్తే నేను సందేహించకుండా ఫైటర్‌తోనే మొదలుపెడతాను. ఏనుగుల దళానికి అధిపతి. 1253–54 ప్రాంతంలో సంస్కృతంలో ఎనిమిది అధ్యాయాల నృత్త రత్నావళి రాశాడు, నాలుగు మార్గి నృత్యానికి, నాలుగు దేశికి. పిల్లలమర్రిలో గుళ్లు కట్టించిన రేచెర్ల రెడ్లూ కత్తి పట్టినవాళ్లే. అలాంటి మనుషులు మనకు కొత్త కాదు గనకే ‘ఒక పాత్రకు ఒక క్లాస్’ అన్న గడి మన పిల్లలకు అంత ఇరుకనిపిస్తుందేమో.

ధర ఎక్కడ కడతారు? ఐదో లెవల్ దగ్గర. ఫైటర్‌కు ఐదో లెవల్‌లో ఒక వంతులో రెండు దెబ్బలు కొట్టే శక్తి వస్తుంది. విజార్డ్‌కూ బార్డ్‌కూ మూడో తరగతి మంత్రాలు అందుతాయి. ఆ తరగతిలోని ఫైర్‌బాల్ అంటే ఆడేవాళ్ల కళ్లు మెరిసేది అందుకే. ప్రతి విద్యలోనూ పెద్ద గెంతు అక్కడే పెట్టారు. ఫైటర్ 3, బార్డ్ 2 అయిన మన గట్టు మనిషికి ఐదో లెవల్‌లో ఈ రెండూ లేవు. పక్కవాడు రెండు దెబ్బలు కొడుతుంటే ఇతను ఒకటే కొడతాడు. బదులుగా దండిగా చిల్లర ఉంది: ఒక వంతులో అదనంగా ఇంకో పని చేయించే యాక్షన్ సర్జ్, ఫైటర్ విద్యలో తనదైన దారి ఎంచుకునే ఉపశాఖ, తెలియని పనిలోనూ సగం బోనస్ ఇచ్చే జాక్ ఆఫ్ ఆల్ ట్రేడ్స్, మొదటి తరగతి మంత్రాలు రోజుకు మూడుసార్లు వేసే ఓపిక. లోటు కొన్ని లెవళ్ల పాటే ఉంటుంది, కానీ ఆ కొన్ని లెవళ్లలో ప్రాణం మీదికి వస్తుంది. ఒకవేళ రెండు విద్యల్లోనూ ఐదు దాటి, రెండింటా రెండు దెబ్బల శక్తి వచ్చినా అవి కలవవు. రెండే దెబ్బలు. ఆ ఒక్క వాక్యం రాసి పెట్టకపోతే ఆట ఏమయ్యేదో ఊహించుకోండి.

ఈ మూడు పేజీల్లో నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది మంత్రాల లెక్క. స్లాట్ అంటే ఒక మంత్రం వెయ్యడానికి కావలసిన ఓపిక అనుకోండి; ఏ తరగతి స్లాట్ ఎన్నిసార్లో రోజుకింత అని ఉంటుంది. బార్డ్, క్లెరిక్, డ్రూయిడ్, సోర్సరర్, విజార్డ్ లెవళ్లు పూర్తిగా కలుపుతారు. పాలడిన్, రేంజర్ లెవళ్లలో సగం, మంత్రం కాస్త నేర్చిన ఫైటర్, రోగ్ ఉపశాఖల్లో మూడో వంతు. కూడగా వచ్చిన అంకెతో ఒకే పట్టికలో స్లాట్లు చూసుకోవాలి. తెలిసిన మంత్రాలు మాత్రం ఏ విద్యవి ఆ విద్యకే లెక్క, పక్క విద్య లేనట్టే. క్లెరిక్ 4, విజార్డ్ 3 ఉన్నవాడిని చూడండి. మొత్తం ఏడు, కాబట్టి మొదటి తరగతి స్లాట్లు నాలుగు, రెండోవి మూడు, మూడోవి మూడు, నాలుగోది ఒకటి. అతనికి వచ్చిన మంత్రాలు మాత్రం రెండో తరగతి దాటవు! పై స్లాట్లు వృథానా? కాదు, చిన్న మంత్రాన్నే పెద్ద స్లాట్‌లో పోసి మరింత గట్టిగా వేయవచ్చు. ఓపిక మనిషిది, జ్ఞానం విద్యది. 2003లో కొత్త క్లాస్ పుట్టించి అతికిన చిల్లు ఇక్కడ పుట్టనే లేదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. వార్‌లాక్ అనే మాంత్రికుడి స్లాట్లు ఈ ఉమ్మడి పట్టికలోకి రావు. చిన్న విశ్రాంతికే తిరిగి నిండే రకం అవి. సోర్సరర్ స్లాట్లను పాయింట్లుగా, పాయింట్లను స్లాట్లుగా మార్చుకోగలడు. రెండూ కలిపి, రాత్రి నిద్ర మానేసి గంటకోసారి కూర్చుని లేస్తూ స్లాట్లు పోగేసుకునే పాత్రకు ఆటగాళ్లు కాఫీలాక్ అని పేరు పెట్టారు. సూర్యాపేట బస్టాండు దగ్గర పుట్టి ఉంటే చాయ్‌లాక్ అయ్యేది. ఒక్క లెవల్ కోసం పక్క విద్యలోకి తొంగి చూసి ఉపశాఖతో సహా పట్టుకొచ్చే ‘డిప్’ మరో సందు. క్లెరిక్, వార్‌లాక్‌లకు మొదటి లెవల్‌లోనే ఉపశాఖ ఉండటం వల్ల వచ్చింది అది. మంత్రగాళ్లు రెండు లెవళ్లు ఫైటర్ నేర్చుకుని, యాక్షన్ సర్జ్‌తో ఒకే వంతులో రెండు పెద్ద మంత్రాలు కురిపించడం మూడోది.

2024 హ్యాండ్‌బుక్ రెండిటిని మూసింది. ఉపశాఖలన్నీ మూడో లెవల్‌కు జరిగాయి, ఒక్క లెవల్ తొంగిచూపుకు పాత గిట్టుబాటు లేదు. యాక్షన్ సర్జ్ అదనపు పనిలో మంత్రం వెయ్యడం కుదరదన్నారు. ఫైటర్ అసలు పని కత్తి కనుక అతనికి ఇందులో పోయిందేమీ లేదు, సందు వెతుకుతూ వచ్చినవాడికే తలుపు పడింది. మరమ్మతు అంటే ఇలా ఉండాలి. వార్‌లాక్ స్లాట్లు మాత్రం ఇప్పటికీ వేరుగానే ఉన్నాయి. అక్కడ కథ నడిపేవాళ్లకు 2017లో వచ్చిన జనథార్స్ గైడ్‌లోని ఒక ఐచ్ఛిక నియమమే ఆధారం: ఇరవై నాలుగు గంటలు నిద్రలేకుండా గడిపితే దేహదారుఢ్యం మీద పాచిక వెయ్యాలి, 10 రాకపోతే నీరసం, మరుసటి రోజు 15, ఆ తర్వాత 20.