బేతాళుడి బడిసంచి

కథలో ఉన్న వస్తువును ఇంట్లో వాడుకునే వస్తువుగా ఊహించడం పైకి పిల్లల ఆటలా కనిపించినా, కథ తెలిసినవాడి ప్రేమ, పనిముట్టు చేసేవాడి లెక్క రెండూ ఒకే మనసులో కూడితే తప్ప పట్టుబడని విద్య. ఈ విద్యను ఇటీవలి కాలంలో ఎక్కువగా పోషించినవారు 'గీక్‌లు'. ఒకప్పుడు అమెరికాలో సంతల్లో ఒళ్ళు గగుర్పొడిచే వింతలు చేసి పొట్టపోసుకునేవాణ్ణి పిలిచిన ఈ మాట, తర్వాత్తర్వాత ఒక సినిమానో, బొమ్మల కథనో, కంప్యూటర్ ఆటనో అణువణువూ ఎరిగి, దాన్ని తన రోజువారీ బతుకులోకి తెచ్చుకోవాలని ఆరాటపడే అభిమానికి గౌరవవాచకంగా మారింది.

ఈ విద్యకు ప్రపంచంలో అందరూ ఎత్తిచూపే ఉదాహరణ ఒకటుంది. 1980లో వచ్చిన 'ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్' అనే సినిమాలో, మంచు తప్ప మరేదీ లేని గ్రహం మీద కథానాయకుడు చలికి కొయ్యబారిపోతుంటే, అతని మిత్రుడు అప్పుడే చనిపోయిన తమ వాహన జంతువు టాంటాన్ కడుపును వెలుగుకత్తితో చీల్చి, ఆ వెచ్చదనంలో అతణ్ణి దాచి బతికిస్తాడు. థింక్‌గీక్ అనే అమెరికా దుకాణం 2009 ఏప్రిల్ 1న, నలుగురినీ నవ్వించడానికి మాత్రమే, టాంటాన్ ఆకారంలో పిల్లలు దూరి పడుకునే సంచిపడక ఒకటి ఉన్నట్టు ప్రకటించింది. లోపలి గుడ్డ మీద పేగుల బొమ్మ, జిప్పు లాగడానికి వెలుగుకత్తి ఆకారంలో చిన్న పిడి, తల పెట్టుకోవడానికి జంతువు ముఖమే దిండు. లేని వస్తువు కోసం జనం ఎగబడి అడగడంతో, సినిమా హక్కుదారుల అనుమతి తీసుకుని, ఆ దుకాణం అదే ఏడాది దాన్ని నిజంగానే తయారుచేసి అమ్మింది.

ఆ వస్తువు మనసుకు అంతగా హత్తుకోవడానికి కారణం బొమ్మ చక్కగా కుదరడం మాత్రమే కాదు. కథలో టాంటాన్ చేసిన పని చలి నుంచి ఒక ప్రాణాన్ని కాపాడటం. ఇంట్లో సంచిపడక చేసే పనీ అదే. కథలోని పని, ఇంట్లోని పని ఒకదానిమీద ఒకటి అచ్చు గుద్దినట్టు కూర్చున్నప్పుడు, ఆ వస్తువును వాడిన ప్రతిసారీ కథ మళ్ళీ జరుగుతుంది. కథానాయకుడి ముఖాన్ని ప్లాస్టిక్ గ్లాసు మీద అచ్చువేసినప్పుడు ఇది జరగదు. అక్కడ గ్లాసు గ్లాసుగానే, ముఖం ముఖంగానే ఉండిపోతాయి. బజారులో దొరికే అభిమాన వస్తువుల్లో ఎక్కువ భాగం ఈ రెండో రకమే కావడం విచారించదగిన విషయం, ఎందుకంటే ఊహకు పట్టే శ్రమ అచ్చుకు పట్టే శ్రమకంటే ఎక్కువైనా, ఖర్చు మాత్రం పెద్దగా ఎక్కువ కాదు.

రాయలసీమలో ఈ విద్యకు దగ్గరి చుట్టం ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంటలో ఉంది. అక్కడి తోలుబొమ్మలాట కళాకారులు, ఆటలు ఆడించేవారు తగ్గిపోయిన కాలంలో, అదే తోలుతో, అదే గీతతో దీపాల గూళ్ళు, అంటే బల్బు చుట్టూ అమర్చే లాంప్‌షేడ్‌లు చేయడం మొదలుపెట్టారు. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, బిగించి ఆరబెట్టి, వెలుతురు చొరబడేంత పలచన చేసి, దాని మీద బొమ్మ గీసి, చిన్న ఉలులతో సన్నని రంధ్రాలు తొలిచి రంగులద్దుతారు. ఆ రంధ్రాలు పగటిపూట వట్టి చుక్కలు, దీపం వెలిగితే మాత్రం రాముడి కిరీటంలో రత్నాలు. ఆటలో తెర వెనక దీపం, దీపం ముందు బొమ్మ ఉంటాయి. లాంప్‌షేడ్‌లో ఆ తెర గుండ్రంగా చుట్టుకుని, దీపం బొమ్మ కడుపులోకి వచ్చింది. వెలుగు తోలుగుండా కంటికి చేరాలన్న మూలసూత్రం చెక్కుచెదరలేదు కాబట్టి, పట్నంలో ఏ ఇంటి మూలనో వెలిగే ఆ దీపం చుట్టూ రామరావణ యుద్ధం ఇప్పటికీ ఆటగానే నిలిచి ఉంది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. అభిమాన వస్తువు అనే మాట తెలియకుండానే ఆ వస్తువుల్లో మేలైనదాన్ని చేసిన ఊరు నిమ్మలకుంట అని చెప్పడం అతిశయోక్తి కాదు.

పాపాఘ్ని ఒడ్డున ఉన్న వేంపల్లె వంటి ఊళ్ళో కూర్చుని ఇటువంటి వస్తువులను ఊహించాలంటే, వేరే గ్రహాల కథల కోసం ఎదురుచూడవలసిన పని లేదు. తెలుగువారి జనరంజక కల్పనాలోకాన్ని కట్టినవారిలో ముఖ్యులు ఈ నేలవారే: చక్రపాణితో కలిసి 1947 జూలైలో 'చందమామ' పత్రికను మొదలుపెట్టి, ఆ తర్వాత విజయా సంస్థను నడిపిన బి. నాగిరెడ్డిది కడప జిల్లా. 1951లో 'పాతాళభైరవి'ని, 1957లో 'మాయాబజార్'ను తీసిన కె.వి. రెడ్డిది తాడిపత్రి. ఆ రెండు సినిమాలకూ మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు మాత్రం వస్తువులను భాషలోంచే పుట్టించాడు, ఆ పద్ధతి తీరిగ్గా చూడదగినది.

తెలుగులో ఏ మాటకైనా మొదటి అక్షరం స్థానంలో 'గి' గానీ 'గీ' గానీ పెట్టి జంటమాట చేయడం అలవాటు: పులీ గిలీ, కూరా గీరా, పెళ్ళీ గిళ్ళీ. వీటిని ప్రతిధ్వని పదాలంటారు. రెండో మాటకు సొంత అర్థం ఉండదు, 'అటువంటివి' అన్న సూచన మాత్రమే ఉంటుంది. 'మాయాబజార్'లో పెళ్ళికి వచ్చిన కౌరవపక్షాన్ని ఆటపట్టించడానికి రాక్షసులు సృష్టించిన విడిదిలో తల్పానికి జోడుగా గిల్పం, కంబళికి జోడుగా గింబళి పుట్టాయి. అర్థం లేని ప్రతిధ్వనికి ఆకారం వచ్చింది. తల్పంలాంటిదే గానీ తల్పం చేసే పని చేయనిది గిల్పం. జపాన్‌లో కెంజి కవకామి 'చిందోగు' పేరుతో ఇటువంటి దాదాపు నిరుపయోగమైన పనిముట్లకు నియమాలే రాశాడు, వాటిని అమ్మకూడదన్నది అందులో ఒక నియమం. తెలుగులో నియమాలు రాయనక్కరలేదు, వ్యాకరణమే ఆ పని చేసిపెట్టింది. గిల్పాన్ని ఇంటి వస్తువుగా ఊహిస్తే, అది కోళ్ళ కింద వంపు పట్టీలు అమర్చిన పిల్లల నులకమంచం కావాలి. పట్టీల కింద పెట్టిన చీలలు రాత్రంతా మంచాన్ని కదలనీయకపోవడం, తెల్లవారి పెద్దలు వాటిని తీసేయగానే అది ఊగి, పడుకున్నవాణ్ణి మెల్లగా నేలమీదికి దించడం దాని పని.

అదే సినిమాలోని ప్రియదర్శిని, అంటే మూత తెరిచినవారికి తమకు ప్రియమైనది కనిపించే పెట్టె, మరింత లోతైన వస్తువు. శశిరేఖ దాన్ని తెరిస్తే అభిమన్యుడు కనిపిస్తాడు. ఇవాళ్టి ల్యాప్‌టాప్ ఆనాడే ఊహలో ఉందని చాలామంది మురిసిపోతుంటారు గానీ, ఆ పోలిక పెట్టె ఆకారం దగ్గరే ఆగిపోతుంది. ప్రియదర్శిని ప్రత్యేకత, తెరిచేవారిని బట్టి కనిపించేది మారడం. కడప జిల్లా పల్లెల నుంచి కువైట్‌కు పనికి వెళ్ళినవారు ఎందరో ఉన్నారు. వారి ఇళ్ళలో వృద్ధులకు ఫోనులో పేరు వెతికి వీడియో కాల్ కలపడం తలకు మించిన పని. చెక్కపెట్టెలో ఒక చిన్న తెరను అమర్చి, మూత మీద వేలిముద్ర గుర్తించే అర చెక్కి, అవ్వ వేలు పెడితే కూతురికి, తాత వేలు పెడితే కొడుక్కి కాల్ వెళ్ళేలా చేస్తే, అది ఏ కొత్త యంత్రవిద్యా అవసరంలేని వస్తువు. వేంపల్లె మండలంలోని ఇడుపులపాయలో 2008 నుంచి నడుస్తున్న ట్రిపుల్ ఐటీ విద్యార్థులు పూనుకుంటే ఒక సెలవుల్లో పూర్తిచేయగలిగినది. కథకు కట్టుబడాలంటే పాటించవలసిన నియమం ఒక్కటే: ఒకరి ప్రియం ఇంకొకరికి కనిపించకూడదు.

'చందమామ' దగ్గరికి వస్తే, శంకర్ అనే పేరుతో ప్రసిద్ధుడైన చిత్రకారుడు కె.సి. శివశంకరన్ గీసిన విక్రమార్కుడి బొమ్మ, భుజాన శవంతో కత్తి దూసి నడిచే ఆ రాజు, తరాల తెలుగు పిల్లల కళ్ళలో నిలిచిపోయింది. సంస్కృతంలో ఇరవై అయిదుగా ఉన్న బేతాళ కథలు ఆ పత్రికలో దశాబ్దాల తరబడి కొనసాగాయి. విక్రమార్కుడి భుజం మీది బరువుకు ఇంట్లో సమానమైనది బడిపిల్లల సంచి తప్ప వేరొకటి లేదు. బేతాళుడి ఆకారంలో సంచి కుట్టాలంటే మొదట ఎదురయ్యే చిక్కు, శవం చెట్టుకు తలకిందులుగా వేలాడుతుంది కాబట్టి తలవైపు మూతి పెడితే పుస్తకాలన్నీ జారిపోతాయి. మూతి కాళ్ళవైపు పెడితే, కొక్కేనికి వేలాడినా, తల వీపు మీదికి వాలేలా పిల్లవాడు తగిలించుకున్నా, మూతి ఎప్పుడూ పైనే ఉంటుంది. చిక్కును కథే విప్పింది. గోడకు కొట్టే కొక్కెం చెట్టుకొమ్మ ఆకారంలో ఉండాలి. బేతాళుడి నోటిలో ఒక చిన్న అర కుట్టి, పొద్దున అమ్మ అందులో ఒక ప్రశ్న రాసిన చీటీ పెడితే, సాయంత్రం ఇంటికి వచ్చిన పిల్లవాడు జవాబు చెప్పాకే సంచి కొమ్మకు ఎక్కుతుంది. రాజు మౌనం వీడి సరైన జవాబు చెప్పగానే బేతాళుడు తిరిగి చెట్టెక్కినట్టే. ఈ కాలమ్‌లో చెప్పిన వస్తువులన్నిటిలో కథకూ పనికీ పొత్తు అతి గట్టిగా కుదిరింది ఇందులోనే.

అన్నీ ఇలా కుదరవు. ఈ ప్రాంతంలో చాలా ఇళ్ళలో తాగేది 20 లీటర్ల క్యాన్‌లో తెచ్చుకునే నీళ్ళు కాబట్టి, సముద్రాన్ని తాగేసిన అగస్త్యుణ్ణి ఆ క్యాన్‌కు తొడుగుగా ఊహించాలని ఎవరికైనా తోచవచ్చు. కానీ అగస్త్యుడు తాగినవాడు, క్యాన్ ఇచ్చేది, పని తలకిందులైంది. అదే ముని మరో కథలో కమండలంతో ఉంటాడు. కాకి రూపంలో వచ్చిన వినాయకుడు దాన్ని ఒరిగిస్తే కావేరి పారింది. కమండలం మూతి మీద కాకిబొమ్మ వాలి ఉండి, కాకిని వంచితే నీళ్ళు వచ్చే కుళాయి అయితే కథ సరిపోతుంది. కథ తప్పు కాదు, కథలో ఎంచుకున్న ఘట్టం తప్పు.

వేంపల్లెకు కొద్ది దూరంలో పాపాఘ్ని కొండను చీల్చుకుని వచ్చే చోట గండి వీరాంజనేయస్వామి క్షేత్రం ఉంది. ఆ దారిన వచ్చే రాముడికి స్వాగతంగా వాయుదేవుడు ఆ రెండు కొండల మధ్య బంగారు తోరణం కట్టాడని, అది అందరి కళ్ళకూ కనిపించదని స్థలపురాణం. ఒకప్పుడు దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా ఉండి, తర్వాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రోకు అది కనిపించిందని, ఆ తర్వాత కొద్ది కాలానికే ఆయన మరణించాడని జనం చెప్పుకుంటారు. ఆయన 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయిన మాట చరిత్ర. ఈ కథను గుమ్మానికి తెచ్చేవాడు మరణం ముచ్చటను పక్కనపెట్టి, స్వాగతాన్నీ అరుదైన దర్శనాన్నీ మాత్రమే తీసుకోవాలి, ఎందుకంటే ఇంటికి వచ్చిన చుట్టాన్ని భయపెట్టే తోరణాన్ని ఏ ఇల్లాలూ కట్టనివ్వదు.

సన్నని ఇత్తడి రేకును మామిడాకుల ఆకారంలో కత్తిరించి, ఒక్కో ఆకును ఒక్కో దారానికి, అంచు మాత్రమే వీధివైపు ఉండేలా వేలాడదీయాలి. నిలకడగా ఉన్నప్పుడు ఎదురుగా వచ్చేవారికి గుమ్మం మీద సన్నని గీతలు తప్ప ఏమీ కనిపించవు. తోరణం కట్టింది వాయుదేవుడు గనుక దాన్ని చూపించవలసిందీ గాలే. గాలి తాకి ఆకులు తిరిగిన క్షణంలో, పొద్దువాలే ఎండ పడి గుమ్మమంతా బంగారమై, మళ్ళీ మాయమవుతుంది. రేకు మందం ఎక్కువైతే ఆకు తిరగదు, మరీ తక్కువైతే ఎప్పుడూ తిరుగుతూనే ఉండి అరుదుతనం పోతుంది. దారం పొడవు బెత్తెడు దాటితే ఒకదానికొకటి చిక్కుపడతాయి. పడమటి ఈదురుగాలి వీచే ఆషాఢంలో కట్టి సరిచూసుకుంటే, గండి తిరునాళ్ళకు జనం కదిలే శ్రావణ శనివారాలనాటికి, గాలి కొంత తగ్గి, ఆ ఆకులు ఎప్పుడో ఒకసారి మాత్రమే మెరుస్తాయి.