రోబేర్ బ్రెస్సన్ శిల్పము

చలనచిత్రము నాటకమునకు దాసి కాదనియు, నటుని ముఖవికారములను పట్టి చూపుటకే కెమేరా పుట్టలేదనియు వాదించినవారు పెక్కండ్రు కలరు గాని, ఆ వాదమును 1943 మొదలు 1983 వరకు తీసిన 13 కథాచిత్రములలో నానాటికి కఠినతరముగా ఆచరించి చూపినవాడు ఫ్రాన్సు దేశపు రోబేర్ బ్రెస్సన్ ఒక్కడే యని నా దృఢవిశ్వాసము.

ఆయన మొదట చిత్రకారుడు. యుద్ధకాలమున జర్మనుల చెర ననుభవించినవాడు. తొలి రెండు చిత్రములకు జిరోదూ, కాక్టో వంటి ఉద్దండులు సంభాషణలు సమకూర్చిరి. పిమ్మట ఆయన తన కలమునే నమ్ముకొనెను. బెర్నానోస్, డాస్టొయెవ్‌స్కీ, టాల్‌స్టాయ్‌ల కథలను స్వీకరించియు, వానిలోని వాగ్విస్తరమును నిర్దాక్షిణ్యముగా తొలగించి, చేష్టను, చూపును, ధ్వనిని మాత్రమే నిలుపుకొనెను. వృత్తినటులను విడిచి, రంగస్థలపు వాసన సోకని సామాన్యులను తెచ్చి, వారిని మోడళ్ళని పిలిచి, ఒక్కొక్క వాక్యమును అందలి అభినయ మంతయు అరిగిపోవువరకు పలికించెడివాడు. ‘బల్తజార్’ చిత్రమున ఒక గాడిదయే ప్రధానపాత్ర. నటింప నేరని ఆ ప్రాణి కన్నులలో లోకపు క్రౌర్యమంతయు కానవచ్చుట చూచి చలింపనివా డుండునా!

1956 నాటి ‘మరణశిక్షితుని పలాయనము’ నా మట్టుకు ఆయన కృతులలో శిరోమణి. లియోన్ నగరమందలి మోంలూక్ చెరసాల నుండి తప్పించుకొనిన ఆంద్రే దవీన్యీ స్వానుభవమే దీనికి మూలము. కథానాయకుడు బందీగా కారులో పోవుచు తలుపు పిడిపై మెల్లగా చేయి వేయును, దుముకును. కెమేరా వెంట పరుగిడదు, కారులోనే నిలిచిపోవును. కేకలు, తుపాకి మ్రోతలు విందుము. అంతలో వానిని తెచ్చి మరల ఆ చోటనే కూర్చుండబెట్టుదురు. పరుగును చూపకయే పరుగును మన గుండెలో పెట్టిన ఈ నేర్పునకు జోహారు! ఆపై ఇనుప చెంచా నొకదానిని నేలపై రాచి పదునుపెట్టి, తలుపు పలకల సందులను దినదినమును గీయుచుండగా, తప్పించుకొనునని పేరులోనే తెలిసియు మనము ఊపిరి బిగబట్టుదుము. ఖైదీలు మురికి బాల్చీలు పారబోయ నడచునప్పుడు మొజార్ట్ ప్రార్థనాగీతము వినిపించును. ఆ సంగీతమునకు అంతకన్న ఉదాత్తమైన స్థానము ఏ దేవాలయమును ఈయజాలదు. 1957లో కాన్ ఉత్సవమున ఉత్తమ దర్శకుడని ఆయనను సత్కరించినది ఈ కృతికే.

‘జేబుదొంగ’లో హస్తలాఘవమున ఆరితేరిన కాసాజీని రప్పించి, పారిస్‌లోని లియోన్ స్టేషనులో పర్సులు చేతినుండి చేతికి జారిపోవు ఘట్టమును తీసెను. ముఖములు ఏమియు పలుకవు, వ్రేళ్ళే సర్వమును పలుకును.

అట్టి తపస్సును నేడు ఎట్లు చౌకబార్చుచున్నారో చూడుడు! పాత్ర గోడవైపు చూచుచు కూర్చున్నచో గాంభీర్యమట, మాటలాడనిచో లోతట, దృశ్యము కదలనిచో బ్రెస్సన్ సంప్రదాయమట! ఆయన చిత్రములలో పెక్కింటిది గంటన్నరకు మించని పరిమితి. ఒక్క క్షణమైనను వృథాగా సాగదు. అతని నిశ్శబ్దము వెనుక అడుగుల చప్పుడు, తాళపుచెవుల గలగల, దూరపు రైలుకూత ఎంత లెక్కతో అమర్పబడియున్నవో వినని చెవులు, ఆ నిశ్శబ్దమును అనుకరింప సాహసించుట అపచారము. కనుక చలనచిత్రవిద్య బోధించు పెద్దలారా, కెమేరాను విద్యార్థుల చేతి కిచ్చుటకు ముందు ‘మరణశిక్షితుని పలాయనము’ను ఒకసారి కన్నులు మూసికొని విననిండు. పిదప ధ్వనిని ఆపి చూడనిండు.